ఇంట్లో వైన్ చేద్దామనుకుంటున్నారా? గ్లాసు కొనే ముందు ఇది వినండి

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క కామెంట్ మీదనే. ఆర్మూర్ దగ్గరి తమ్ముడు ఒకతను పెట్టాడు. పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను, ఎందుకో వింటే మీకే అర్థమవుతుంది. కామెంట్ ఉన్నదున్నట్టు చదువుతున్నా.

"అన్నా, మే నెలల నేను కువైట్ పోతున్న. పోయే ముందు దోస్తులందరం అంకాపూర్‌ల కలుస్తం, నాటుకోడి కూర చెప్పినం. నల్లద్రాక్ష ఇప్పుడు సస్తగున్నది, ఇంట్లనే వైన్ చేసి తీస్కపోదామని అనుకుంటున్నం. ఎట్ల చేయాలె? ఇంకోటి, వైన్‌కు ఏ గ్లాసులు కొనాలె? ఆన్‌లైన్‌ల చూస్తే వంద రకాలున్నయ్."

మంచి ప్రశ్న. నిజానికి రెండు ప్రశ్నలు. నాకు రెండూ కొంచెం కొంచెం తెలుసు. హైదరాబాద్‌లో హోటళ్లలో పదేళ్లు సర్వీసు చేసిన, గ్లాసులు తుడుచుడే నా మొదటి ఉద్యోగం. మా ఊరు అంకాపూర్ పక్కనే. కాబట్టి గ్లాసూ తెలుసు, ఊరూ తెలుసు. ఒక మాట ముందే: తెలంగాణలో 21 ఏళ్లు నిండితేనే మందు. నిండని వాళ్లు సైన్స్ కోసం వినండి, తాగడం కోసం కాదు.

ఫస్ట్, చట్టం. తమ్ముడూ, నీకు నచ్చదు గాని చెప్పక తప్పదు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో వైన్ చేయడం నేరం. తెలంగాణ ఎక్సైజ్ చట్టం అని ఉంది, 1968 నాటిది. ద్రాక్షతో చేసినా బెల్లంతో చేసినా, అమ్మినా అమ్మకపోయినా, మత్తు వచ్చే పానీయం తయారు చేస్తే 34వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. "సికింద్రాబాద్‌ల క్రిస్మస్‌కు చేస్కుంటరు కద అన్నా" అంటారు. నిజమే, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో ఆ అలవాటు తరాల నుంచి ఉంది. ఎవరూ వెళ్లి తలుపు కొట్టరు, అంతే. తలుపు కొట్టరు అంటే చట్టం ఒప్పుకుంది అని కాదు. కేరళలో 2019 క్రిస్మస్ ముందు ఎక్సైజ్ వాళ్లు ఇంటి వైన్ మీద గట్టిగానే హెచ్చరిక ఇచ్చారు.

ఇగ నువ్వు వచ్చే నెల గల్ఫ్ పోయేటోడివి. ఈ టైంలో నీ మీద ఒక కేసు పడిందనుకో... వీసాకు పెట్టిన అప్పు ఎవరు కడతారు? అందుకే నీ పేరు చెప్పలేదు.

అమెరికాలో ఉన్న మన వాళ్లు కొందరు ఈ వీడియో చూస్తారు. మీకు లెక్క వేరు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల వైన్ చేసుకోవచ్చు. అంటే 750 లీటర్ల పైన! అమ్మకూడదు, అంతే. మీ రాష్ట్రం రూల్ ఒకసారి చూసుకోండి.

సరే, చేయొద్దు అన్నా. కానీ వైన్ ఎలా అవుతుందో తెలుసుకోవడానికి ఏ లైసెన్సూ అవసరం లేదు. అది తెలియకనే మా బాబాయ్ కొడుకు చేతికి కుట్లు పడ్డాయి. ఆ కథ చెప్తా.

మా తమ్ముడు అప్పట్లో డిగ్రీ. యూట్యూబ్‌లో చూశాడు. ద్రాక్ష పిసికిండు, చక్కెర పోసిండు, జర ఈస్ట్ వేసిండు. వీడియోలో "గాలి తగలొద్దు" అని చెప్పారు. వీడు ఏం చేశాడు? గాజు సీసాలో పోసి మూత గట్టిగా బిగించి, పైనుంచి టేపు చుట్టి, ఎవరికీ కనపడకుండా పసుపు బస్తాల వెనక పెట్టాడు. ఫిబ్రవరి నెల, ఇంటి నిండా పసుపు. మూడో రోజు రాత్రి సీసా ఎట్లుందో చూద్దామని చేత్తో పట్టుకొని కదిపాడు. పేలింది. మా చిన్నమ్మ సిలిండర్ అనుకొని బయటికి ఉరికింది. అరచేతిలో గాజు ముక్కలు. కన్ను పక్కనుంచి ఒక ముక్క పోయింది, రెండు వేళ్ల దూరం. ఇప్పటికీ ఆ బొటనవేలు పూర్తిగా ముడవదు వాడికి.

ఎందుకు పేలింది? ఈస్ట్ అంటే కంటికి కనపడని జీవి. అది చక్కెరను తింటుంది. తిని రెండు బయటికి వదులుతుంది. ఒకటి ఆల్కహాల్, రెండోది కార్బన్ డయాక్సైడ్ గ్యాస్. బరువు లెక్కన చూస్తే చెరి సగం. అందరూ ఆల్కహాల్ గురించే ఆలోచిస్తారు, గ్యాస్‌ను మర్చిపోతారు. ఒక కిలో చక్కెర పూర్తిగా పులిస్తే వచ్చే గ్యాస్ 250 లీటర్లకు పైనే. మళ్లీ చెప్తున్నా, 250 లీటర్లు. ఇంటి మీద పెట్టుకునే చిన్న సింటెక్స్ ట్యాంకు నిండా గ్యాస్. దాన్ని సీసాలో పెట్టి టేపు చుడితే అది బాంబు కాక ఇంకేమైతది?

అందుకే వైన్ చేసే చోట గ్యాస్ బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రావొద్దు. దానికి నీళ్లు నింపిన ఒక చిన్న వంకర గొట్టం పెడతారు. బుడగలు నీళ్లలోంచి బయటికి పోతాయి, గాలి లోపలికి రాదు. బయటి గాలి ఎక్కువ తగిలితే ఏమవుతుంది? ఇంకో రకం బ్యాక్టీరియా వచ్చి ఆల్కహాల్‌ను తింటుంది, వెనిగర్ చేస్తుంది. మూత బిగిస్తే పేలుతుంది, తెరిచి పెడితే వెనిగర్ అవుతుంది. ఇంట్లో చేసే వైన్ పాడైపోయే కథలు చాలావరకు ఈ రెండిట్లో ఏదో ఒకటి.

ఇంకా ఉంది. బండి మీద కొనే నల్లద్రాక్ష తినడానికి పెంచింది. పెద్దగా ఉంటుంది, తోలు పల్చన, గింజ లేదు, రసం ఎక్కువ. వైన్ ద్రాక్ష చిన్నగా ఉంటుంది, తోలు మందం, గింజలుంటాయి. రెడ్ వైన్ రంగు, ఆ వగరు తోలులోంచి, గింజలోంచే వస్తాయి. చక్కెర లెక్క కూడా చూడండి. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెరకు ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. మన బండి ద్రాక్షలో లీటరుకు 160, 180 గ్రాములు ఉంటే తొమ్మిది, పది శాతం దాటదు. వైన్ ద్రాక్షలో లీటరుకు 220, 240 ఉంటుంది, అందుకే సీసా మీద 13 అని కనిపిస్తుంది. మనోళ్లు ఏం చేస్తారు? కిలో ద్రాక్షకు కిలో చక్కెర గుమ్మరిస్తారు. ఈస్ట్ కొంత తిని, ఆల్కహాల్ పెరిగాక తట్టుకోలేక ఆగిపోతుంది. మిగిలింది శరబత్. చుట్టాలు "అబ్బ, వైన్ తియ్యగ మంచిగున్నది" అంటారు, మొహమాటానికి.

పైగా మన ఎండ. రెడ్ వైన్ పులియడానికి 25 నుంచి 30 డిగ్రీలు బాగుంటుంది. ఏప్రిల్‌లో ఆర్మూర్ 42. రేకుల రూంలో ఇంకా ఎక్కువ. ఆ వేడిలో ఈస్టే చచ్చిపోతుంది.

సరే, గ్లాసు దగ్గరికి వద్దాం. అసలు నేను ఎక్కువ మాట్లాడాలనుకున్నది దీని గురించే.

గ్లాసు విలువ నాకు నాసిక్‌లో తెలిసింది. మన నిజామాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా నాసిక్ రోడ్ స్టేషన్‌లో దిగొచ్చు. దేశంలో వైన్‌కు పేరున్న ఊరు అదే. 1990ల చివర్లో రాజీవ్ సమంత్ అనే ఆయన సూలా మొదలుపెట్టాక చుట్టుపక్కల మస్తు వైనరీలు వచ్చాయి. డబ్బు కట్టి రుచి చూడొచ్చు, తోట చూడొచ్చు, ద్రాక్ష తొక్కొచ్చు కూడా. లైసెన్సు ఉన్నవాళ్లు చేస్తున్నప్పుడు పక్కన నిలబడి చూడాలంటే అక్కడికే పోవాలి.

అక్కడ ఒకాయన ఒకే వైన్‌ను రెండు గ్లాసుల్లో పోశాడు. ఒకటి మామూలు నిటారు నీళ్ల గ్లాసు. రెండోది కాడ ఉన్న గ్లాసు, అడుగున వెడల్పు, మూతి దగ్గర ఇరుకు. వాసన చూడమన్నాడు. నీళ్ల గ్లాసులో ముక్కు పెడితే ఘాటు తప్ప ఏమీ లేదు. రెండో గ్లాసులో పండు వాసన, కొంచెం మిరియాల లాంటి వాసన. నేను అప్పటికి వందల గ్లాసులు తుడిచి టేబుల్ మీద పెట్టినోణ్ని, ఒక్కరోజు కూడా ముక్కు పెట్టి చూడలేదు. సిగ్గనిపించింది.

ఇది మన భ్రమ కాదు. 2015లో టోక్యోలో పరిశోధకులు గ్లాసు మూతి మీద ఆల్కహాల్ ఆవిరి ఎలా పరుచుకుంటుందో కెమెరాలో పట్టారు. వైన్ గ్లాసులో ఆవిరి అంచు చుట్టూ రింగులాగా నిలబడింది, మధ్యలో తక్కువగా ఉంది. అంటే ముక్కు పెట్టే చోట ఆల్కహాల్ ఘాటు తక్కువ, మిగతా వాసనలు ముక్కుకు అందుతాయి. నిటారు గ్లాసులో ఆ రింగు రాలేదు. అందులోనూ ఒక మెలిక ఉంది. వైన్ చల్లగా, 13 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే ఆ రింగు స్పష్టంగా కనిపించింది. వేడెక్కితే పోయింది. అందుకే కాడ పట్టుకొని తాగమంటారు. గిన్నె భాగాన్ని అరచేత్తో పట్టుకుంటే ఒంటి వేడికి వైన్ వేడెక్కుతుంది. స్టైల్ కోసం అనుకున్నా నేను కూడా ఇన్నాళ్లు.

ఇప్పుడు ఆ వంద రకాల సంగతి. 1973లో ఆస్ట్రియాలో క్లాస్ రీడెల్ అనే గాజు పనిమంతుడు ఒక్కో రకం వైన్‌కు ఒక్కో ఆకారం అని ఒక సిరీస్ తెచ్చాడు. అక్కడి నుంచి ఇది పెద్ద వ్యాపారమైంది. "ఈ గ్లాసు వైన్‌ను నాలుక కొసకు పంపుతుంది, అక్కడ తీపి తెలుస్తుంది" అని అమ్మేవాళ్లు. నాలుక మీద తీపికి ఒక చోటు, చేదుకు ఒక చోటు అని మనం బడిలో చూసిన బొమ్మ తప్పని ఎప్పుడో తేలింది. నాలుక అంతటా అన్ని రుచులూ తెలుస్తాయి. కాబట్టి తమ్ముడూ, వంద రకాలు వద్దు. ఒక్క రకం చాలు. 300, 350 మిల్లీలీటర్లు పట్టేది, రంగు లేనిది, డిజైన్ చెక్కనిది, అంచు పల్చనిది, మూతి కొంచెం లోపలికి తిరిగింది. రెడ్, వైట్ రెండూ అందులోనే. సగం వరకే పోయాలి, 120, 150 మిల్లీలీటర్లు. నిండా పోస్తే వాసన నిలవడానికి జాగా ఎక్కడిది? మనకు గ్లాసు నిండకపోతే పిసినారి అనుకుంటారు, అదొక బాధ.

ఇంకా తక్కువలో కావాలంటే టేస్టింగ్ గ్లాసు అని ఒకటుంది. ప్రపంచమంతా ఒకే కొలత ఉండాలని 1977లో ఐఎస్ఓ వాళ్లు 3591 నంబరుతో స్టాండర్డ్ పెట్టారు. మొత్తం 215 మిల్లీలీటర్లు పడుతుంది, 50 పోసి రుచి చూస్తారు. చిన్నగా తులిప్ పువ్వులాగా ఉంటుంది. చూడటానికి గొప్పగా ఉండదు గాని పనికి మాత్రం బంగారం.

మరి ఇంట్లో ఉన్న గిన్నెలు? స్టీలు గ్లాసు ప్రమాదం ఏమీ లేదు, కానీ రంగు కనపడదు. ఇత్తడి, రాగి మాత్రం అసలు వద్దు. వైన్ పులుపు. చింతపండు పులుసును కళాయి లేని ఇత్తడి గిన్నెలో ఉంచితే కిలుము పట్టి కక్కు వస్తుందని మన నాయనమ్మలు ఊరికే అనలేదు. ఇక్కడా అదే లెక్క. ఆన్‌లైన్‌లో "రాయల్ కాపర్ గోబ్లెట్" అని అమ్ముతున్నారు, లోపల ఏ పూతా లేకపోతే అది షోకేసులోనే బాగుంటుంది.

గ్లాసు కడగడం. ఇది నా సబ్జెక్టు, జర ఓపిక పట్టండి. వాసన వచ్చే సబ్బు వద్దు. గోరువెచ్చని నీళ్లు, బాగా మెత్తబడ్డ పాత కాటన్ పంచె ముక్క. తుడిచాక ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టండి. ఏ వాసనా రాకపోతే కడిగినట్టు. మా ఇండ్లల్లో పెద్ద తలనొప్పి పసుపు. జనవరి నుంచి మార్చి దాకా పసుపు ఉడకబెట్టుడు, ఎండబెట్టుడు, ఊరు ఊరంతా అదే వాసన. మాకు అలవాటై తెలియదు. ఒకసారి హైదరాబాద్ నుంచి మంచి గ్లాసులు తెచ్చి వంటింట్లో మసాలా డబ్బాల పక్కన పెట్టిన. వైన్ పోసి చూస్తే... పసుపు, ధనియాలు, ఇంగువ. రసంలాగ ఉంది. గ్లాసుల్ని మసాలాలకు దూరంగా, బోర్లించకుండా నిలబెట్టి పెట్టండి. బోర్లిస్తే చెక్క అల్మారా వాసన లోపల పట్టుకుంటుంది.

ఇప్పుడు నాటుకోడి. అంకాపూర్ కూర సంగతి మీకు నేను చెప్పాలా? ఫోన్ చేసి కోడి చెప్తే గంటలో కూర, అన్నం. మన కారం మామూలు కారం కాదు. ఆ కారంతో వగరు రెడ్ వైన్ తాగితే నోరు ఇంకా మండుతుంది, ఎందుకంటే ఆల్కహాల్ కారం మంటను పెంచుతుంది. కొంచెం తియ్యగా, చల్లగా, ఆల్కహాల్ తక్కువగా ఉన్న వైట్ సరిపోతుంది. బుడగలున్నది అయితే ఇంకా మంచిది. తక్కువ ఆల్కహాల్, కొంచెం తీపి, కొంచెం పులుపు, బుడగలు... ఏం గుర్తొస్తోంది? కల్లు! మన తాతలు నాటుకోడికి కల్లు ఊరికే జత చేయలేదు.

కల్లు కూడా వైనే, చెట్టు వైన్. ద్రాక్షకు ఈస్ట్ మామూలుగా మనం వేస్తాం, ఈత చెట్టుకు అక్కర్లేదు. గీసిన చోటు నుంచి, లొట్టి నుంచి ఈస్ట్ తనే వస్తుంది. తెల్లవారి దించినప్పుడు తియ్యటి నీరా, లొట్టికి సున్నం పూసి చల్లగా ఉంచితేనే అది నీరాగా నిలుస్తుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ పెట్టారు కదా, అదే. సున్నం లేకపోతే మధ్యాహ్నానికల్లా పులిసి నాలుగైదు శాతం ఆల్కహాల్. దానికి గ్లాసు? తాటాకు రేక. ఒక్కసారి మడిచి, తాగి, పారేస్తారు. కడిగే పని లేదు, పాత వాసన లేదు. పచ్చి ఆకు వాసన మాత్రం కల్లుకు కలుస్తుంది, అది మనకిష్టం. తాటి చెట్టు కింద కూర్చొని రేకలో తాగినోడికి క్రిస్టల్ గ్లాసులో కల్లు పోసిస్తే మొహం చిట్లిస్తాడు, నేను చూసిన.

ఇంతవరకు గ్లాసు ఏం చూపిస్తుందో చెప్పిన. రంగు, మడ్డి, వాసన, వెనిగర్ అయ్యిందా లేదా. ఇప్పుడు గ్లాసు చూపించలేనిది. తమ్ముడూ, కువైట్ పోతున్నావు కాబట్టి నీకు ముఖ్యంగా.

మిథనాల్ అని ఒక రకం ఆల్కహాల్ ఉంటుంది. పెయింట్లలో, పరిశ్రమల్లో వాడతారు. నీళ్లలాగా తేటగా ఉంటుంది, మామూలు మందులో కలిపితే రంగులో తేడా లేదు, వాసనలో తేడా లేదు. ఐఎస్ఓ గ్లాసులో పోసినా, ముక్కు ఎంత మంచిదైనా దొరకదు. చాలామంది "ఇంట్లో ద్రాక్ష పులియబెడితే మిథనాల్ వచ్చి కండ్లు పోతయట" అంటారు. పండు పులిస్తే మిథనాల్ వస్తుంది గాని చాలా చాలా తక్కువ, ప్రాణం తీసేంత కాదు. ప్రాణాలు పోయేది రెండు చోట్ల. ఒకటి, తెలిసీ తెలియక బట్టీ పెట్టి కాచడం. రెండోది, ఇదే ఎక్కువ, లాభం కోసం పరిశ్రమల మిథనాల్ తెచ్చి మందులో కలపడం.

2025 ఆగస్టులో కువైట్‌లో ఇదే జరిగింది. మిథనాల్ కలిసిన సారా తాగి 23 మంది చనిపోయారు. అక్కడి ఆరోగ్య శాఖ చెప్పిన లెక్క ఇది. ఎక్కువమంది ఆసియా దేశాల నుంచి పనికి పోయినవాళ్లే. కొందరికి చూపు పోయింది, కొందరికి డయాలిసిస్. కువైట్‌లో మందు పూర్తిగా నిషేధం. సౌదీలో మామూలు జనానికి దొరకదు. నిషేధం ఉన్నచోట క్యాంపులో ఎవడో నీళ్ల సీసాలో తెచ్చి "ఇంట్ల చేసింది భయ్, ప్యూర్" అంటాడు. పొద్దంతా ఎండలో పనిచేసి, ఇల్లు గుర్తొచ్చి, శుక్రవారం రూంలో నలుగురూ కూర్చున్నప్పుడు వద్దనడం ఎంత కష్టమో నాకు తెలుసు, మా మేనమామ పన్నెండేళ్లు అక్కడే చేశాడు. అయినా వద్దను. దొరికితే జైలు, ఇంటికి తిరుగు టికెట్. దొరకకపోతే ఆ సీసాలో ఏముందో ఎవడికీ తెలియదు, అమ్మినోడికి కూడా.

గుర్తుపట్టే లక్షణాలు చెప్తా, ఇది స్క్రీన్‌షాట్ తీసుకోండి. మిథనాల్ వెంటనే చంపదు. తాగినప్పుడు మామూలు మత్తులాగే ఉంటుంది. పన్నెండు గంటల తర్వాత, ఒక్కోసారి ఇరవై నాలుగు గంటల తర్వాత మొదలవుతుంది. కడుపు నొప్పి, వాంతులు, ఎగశ్వాస, కండ్ల ముందు మంచు పట్టినట్టు తెల్లగా. "హ్యాంగోవర్‌రా, పండుకుంటే తగ్గుతది" అనుకుంటే అంతే. అప్పుడే ఆసుపత్రికి పోవాలి. విరుగుడు మందు ఉంది, డయాలిసిస్ ఉంది, ఎంత తొందరగా పోతే అంత చూపు, అంత ప్రాణం. ఇక్కడైతే 108. అక్కడైతే పోలీసులకు భయపడి రూంలో దాచకండి. కలిసి తాగినవాళ్లందరూ పోవాలి, ఏమీ కానట్టు ఉన్నవాళ్లు కూడా.

మన దగ్గర సంగతి కూడా చెప్పాలి, లేకపోతే గల్ఫ్ మీద పడి ఏడ్చినట్టుంటుంది. కల్లు మంచిదే అన్నా కదా, చెట్టు కల్లు గురించి అన్నా. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. లెక్క ఎలా కుదురుతుంది? నీళ్లు, శాకరిన్, తెల్ల పొడి. ఆ పొడి అంటే క్లోరల్ హైడ్రేట్, డైజోఫామ్, ఆల్ప్రాజోలం లాంటి నిద్ర మందులు. మన నిజామాబాద్ జిల్లాకు ఇది కొత్త కథ కాదు. 2015లో దాడులు పెరిగి కల్తీ కల్లు దొరకనప్పుడు, దానికి అలవాటైన వాళ్లు వణుకుతూ, పిచ్చి చూపులు చూస్తూ ఆసుపత్రుల్లో చేరారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లుకు ప్రాణాలే పోయాయి. ఇదీ గ్లాసులో కనపడదు, తెల్లగానే ఉంటుంది, నురగ వస్తుంది. నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. గీసే మనిషి తెలిసి ఉండాలి, చెట్టు కింద దించింది దించినట్టు తాగాలి. బండి మీద సీసాల్లో వచ్చేదాన్ని మా నాయన ముట్టడు, నేనూ ముట్టను. ఇంట్లో పెద్దవాళ్లకు రోజూ ఆ కల్లు అలవాటుంటే ఒక్కసారిగా మాన్పించకండి, ఫిట్స్ రావొచ్చు. డాక్టరుకు చూపించి మెల్లగా మాన్పించాలి.

సరే, తమ్ముడి పార్టీకి వద్దాం. ఎంతమంది? ఎనిమిది మంది అనుకుందాం. ద్రాక్ష కొను, కడిగి తిను. లైసెన్సు ఉన్న షాపులో వైట్ రెండు సీసాలు తీసుకో. ఒక సీసా 750, గ్లాసుకు 150 పోస్తే అయిదు గ్లాసులు, రెండు సీసాలు అందరికీ సరిపోయి రెండు గ్లాసులు మిగుల్తాయి. రాత్రే ఫ్రిజ్‌లో పెట్టు, పోయేటప్పుడు ఐస్ డబ్బాలో. గ్లాసులు ఎనిమిది, ఒకటే రకం, ఆ 300 మిల్లీలీటర్లది. పేపర్లో చుట్టి అట్టపెట్టెలో నిలబెట్టి తీసుకుపో. కూర హోటల్‌లో కూర్చుంటున్నారా, పొలం కాడనా? ఊరి హోటల్‌లో అందరి ముందు మందు పెట్టకండి, అక్కడ కుటుంబాలు తింటుంటాయి, మక్క కంకులు కాల్చే అక్కలు ఎదురుగా కూర్చుంటారు. ఎవరిదన్నా ఇంటికి కూర పార్సిల్ తెచ్చుకోండి. బండి నడిపేవాడికి వైన్ వద్దు, ఆ హైవే మీద లారీలు మీకు తెలుసు. వాడికి అదే గ్లాసులో నల్లద్రాక్ష రసం పోయండి, చల్లగా, కొంచెం నిమ్మకాయ పిండి. రంగు చూస్తే ఎవరూ తేడా పట్టరు.

మా బాబాయ్ కొడుకు ఇప్పుడు విత్తనాల కంపెనీలో చేస్తున్నాడు, ఎర్రజొన్న సీజన్ అంటే తల ఎత్తడు. ఈ వీడియో చేస్తున్నా అని నిన్న ఫోన్ చేస్తే, "అన్నా, టేపు సంగతి చెప్పకు, నవ్వుతరు" అన్నాడు. చెప్పిన. సారీ తమ్ముడూ.

కామెంట్లలో ఇంకో ప్రశ్న ఉంది, ఇప్ప పువ్వు గురించి, ఆదిలాబాద్ నుంచి. అది ఒక్క నిమిషంలో అయ్యేది కాదు, దానికే వచ్చే ఎపిసోడ్. ఉంటా మరి.